క్యాన్సర్ వైద్యం సిటీలోనేనా? లంకల నుంచి వచ్చిన ఉత్తరాలకి జవాబులు

ఈ నెల శీర్షికకి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి కనిపించింది. జబ్బు గురించి అడిగినవాళ్లు తక్కువ, దారి గురించి అడిగినవాళ్లు ఎక్కువ. ఎక్కడికెళ్లాలి, ఎలా వెళ్లాలి, వెళ్తే ఇంట్లో ఎవరుంటారు, డబ్బులెక్కడివి, ఇవే. అన్నీ కోనసీమ, నర్సాపురం వైపు ఊళ్లవే. నేను నర్సుగా క్యాన్సర్ వార్డులో పనిచేసినన్నాళ్లూ చూసింది కూడా ఇదే. మందు అందరికీ ఒకటే, ఆ మందు దాకా రావడమే పల్లెటూరి మనిషికి వేరు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి వీటికే జవాబులిస్తున్నా. పేర్లు వెయ్యట్లేదు, ఏ వైపు నుంచి రాశారో మాత్రం ఉంచాను.

ప్రశ్న: మేడం గారండీ, మాది సఖినేటిపల్లి మండలంలో లంక ఊరండి. మా అత్తయ్యగారికి 58 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డొచ్చి చాలా నెలలైంది, నొప్పి లేదు కదా అని ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో ఆర్ఎంపీ గారు వాతపు గడ్డ అని బిళ్లలిచ్చారు. తగ్గకపోతే టౌన్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్‌కి తీస్కెళ్లాం, గడ్డ తీసేసి కుట్లేసి పంపేశారు, టెస్టుకి పంపలేదంట. ఇప్పుడు కుట్ల దగ్గరే మళ్లీ గట్టిగా వస్తంది. మా ఆయన కువైట్‌లో ఉన్నారు. మావయ్యగారేమో నాటుమందు ఇప్పిద్దాం అంటున్నారు. మా అక్క కూకట్‌పల్లిలో ఉంటది, వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఒకావిడకి ఇదే జబ్బొస్తే వారంలో టెస్టులన్నీ అయిపోయి మందు ఎక్కించడం కూడా మొదలెట్టేశారంట. మాకెందుకండీ ఇన్ని నెలలు? హైదరాబాద్ తీస్కెళ్లిపోమంటారా?

జవాబు: చెల్లీ, ముందు నీ రెండో ప్రశ్నకి చెప్తా, అది ఆగేది కాదు కాబట్టి. హైదరాబాదే వెళ్లాలని లేదు. విశాఖ దారిలో అగనంపూడి దగ్గర హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, ముంబైలో టాటా మెమోరియల్ అంటామే, వాళ్లదే. రాజమండ్రిలో రైలెక్కి దువ్వాడలో దిగితే దగ్గర, బస్సయితే హైవే మీద అగనంపూడిలోనే దిగొచ్చు. ఇంకా దగ్గర కావాలంటే రాజమండ్రి పక్కన రాజానగరం వైపు జీఎస్ఎల్ వాళ్ల క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, కాకినాడ పెద్దాసుపత్రి ఉంది. మీ అక్క ఇంట్లో ఉండడానికి చోటుంది, తోడుంది అంటే హైదరాబాద్ కూడా మంచిదే, అక్కడ ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్ గవర్నమెంటుది, 1955 నుంచీ ఉంది. కానీ ఒక్క మాట. మన ఆంధ్రా కార్డు హైదరాబాద్‌లో అన్ని చోట్లా చెల్లదు. బయల్దేరే ముందే 104కి ఫోన్ చేసి ఫలానా హాస్పిటల్‌లో ఫలానా జబ్బుకి ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మనం ఆరోగ్యశ్రీ అంటాం, అందులో చేస్తారా అని కనుక్కోండి, అక్కడికెళ్లాక అడ్వాన్స్ కట్టమంటే అప్పుడు పరిగెత్తడం కష్టం.

ఎక్కడికెళ్లినా ఈ వారంలోనే వెళ్లండి. పండగయ్యాక, కోతలయ్యాక, ఆయన సెలవు మీద వచ్చాక అని పెట్టుకోవద్దు.

వెళ్లేముందు ఒక పనుంది. గడ్డ తీసేసిన హాస్పిటల్‌కి వెళ్లి డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్ అడిగి తీస్కోండి, ముక్క ఏదైనా ల్యాబ్‌కి పంపారేమో గట్టిగా అడగండి. పంపి ఉంటే ల్యాబ్‌లో మైనం దిమ్మలో పెట్టిన ముక్క, దాన్నే బ్లాక్ అంటారు, దాంతోపాటు గాజు స్లైడ్లు ఉంటాయి. అవి పెద్ద హాస్పిటల్ వాళ్లు మళ్లీ చూస్తారు. పేషెంట్ అడిగితే ఇస్తారు, సంతకం పెట్టించుకుని ఇస్తారు, చాలామందికి ఇది అడగొచ్చని తెలీదు. పంపలేదంటే గొడవపడుతూ రోజులు పోగొట్టుకోకండి, కొత్తగా సూదితో ముక్క తీసి బయాప్సీ చేస్తారు. ఆ ముక్క మీదే ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడు పరీక్షలు చేస్తారు, ఏ మందు పనిచేస్తదో వాటిని బట్టే తెలుస్తుంది, కాబట్టి అవి అవ్వకుండా ఎవరైనా ఇంకోసారి కోసేద్దాం అంటే ఎందుకండీ అని అడగండి. ఇది చదివే మిగతావాళ్లకి కూడా చెప్తున్నా, రొమ్ములో గడ్డని ముందు పరీక్ష లేకుండా ఊరికే తీసేయించుకోవద్దు. కొబ్బరికాయంత గడ్డ కానీ, కందిగింజంత గడ్డ కానీ, నొప్పి ఉన్నా లేకపోయినా సరే. నొప్పి లేదంటే మంచి గడ్డే అనుకోవడం మన దగ్గర చాలామంది ఆడవాళ్ల ప్రాణం మీదకి తెచ్చింది.

ఇంక మాకెందుకు ఇన్ని నెలలు అన్నావు. ఆ మాట చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. మీ తప్పు ఇందులో నాకు కనపడట్లేదమ్మా. కూకట్‌పల్లి ఆవిడకి డాక్టరు గారు ఒక ఫ్లోర్‌లో ఉంటే స్కాన్ ఇంకో ఫ్లోర్‌లో, ముక్క తీసే గది దాని పక్కన, రిపోర్ట్ ఫోన్‌కి వచ్చేస్తుంది. మీ అత్తయ్యగారికి అలా కాదు. రేవులో పంటు కోసం, అదే గోదారి దాటించే పెద్ద పడవ కోసం నిలబడాలి, నర్సాపురం వైపు దిగి ఆటో, అక్కణ్ణించి భీమవరం బస్సు, స్కాన్ అక్కడ, డాక్టరు చూసి బయాప్సీ రాజమండ్రిలో అంటారు, అదింకో రోజు, రిపోర్ట్‌కి మళ్లీ రమ్మంటారు అదింకో రోజు, ఆ రోజు డాక్టరు గారు లేరంటే ఇంకోటి. ప్రతిసారీ తోడు ఒక మనిషి కావాలి, ఆ మనిషి కూలి పోవాలి, ఇంట్లో గేదెకి గడ్డెవరు వేస్తారు, పిల్లల్ని బడికెవరు పంపుతారు. గోదారి పొంగితే పంటే ఆగిపోద్ది, 2022 జూలై వరదలో లంకల్లో వాళ్లు ఇంట్లోంచి పడవెక్కి బయటికి రావాల్సి వచ్చింది, అలాంటి వారంలో కీమో తేదీ పడినవాళ్లు ఏం చెయ్యాలి? ఒక్కో చోట నాలుగు రోజులు, వారం అలా పోయి అన్నీ కలిసి నెలలైపోతాయి. గడ్డేమో ఆగదు. మన పల్లెటూళ్ల నుంచి వచ్చేవాళ్లలో ముదిరిపోయాక వచ్చేవాళ్లు ఎక్కువుంటారు, దాన్ని అజ్ఞానం అని రాసేస్తుంటారు కొందరు, నాకది చదివితే ఒళ్లు మండుతుంది.

అందుకని మీరు చెయ్యగలిగింది తిరుగుళ్లు తగ్గించుకోవడం. టెస్టులన్నీ ఒకేచోట చేసే హాస్పిటల్‌నే ఎంచుకోండి, పది ఊళ్లు తిరగొద్దు. బియ్యం కార్డు, ఆధార్, పాత కాగితాలన్నీ ఒక ఫైల్‌లో తేదీల వరసలో పెట్టి, ప్రతి కాగితం ఫోటో తీసి ఫోన్‌లో ఉంచండి, మీ ఆయనకి కూడా పంపండి. హాస్పిటల్‌లో అడుగుపెట్టగానే కార్డు పనులు చూసే ఆరోగ్యమిత్ర అని డెస్క్ ఉంటది, ఓపీ చీటీతో పాటు ముందు వాళ్లని కలవండి. మందెక్కించడం మొదలైతే చాలావరకు 21 రోజులకోసారి ఉంటుంది. ప్రతి డోసు ముందు రక్త పరీక్ష కావాలి, దానికి విశాఖ వెళ్లక్కర్లేదు, రాజోలులోనో నర్సాపురంలోనో చేయించి రిపోర్ట్ వాట్సాప్‌లో పంపితే సరిపోద్దా అని డాక్టరు గారిని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. రక్తంలో తెల్లకణాలు పెరగడానికి మర్నాడు పొట్టకి చేసే ఇంజెక్షన్ రాస్తే అది కూడా మీ పీహెచ్‌సీలోనే, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేయించుకోవచ్చు. కాకపోతే దాన్ని చల్లగా తేవాలి. థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాకులు వేసి, ఇంజెక్షన్‌ని గుడ్డలో చుట్టి మధ్యలో పెట్టండి, ఐస్‌కి ఆనించొద్దు, గడ్డకడితే ఆ మందు పనికిరాదు. ఇంటికొచ్చాక ఫ్రిజ్‌లో మామూలు అరలో పెట్టాలి, పైన డీప్‌లో కాదు. ఫ్రిజ్ లేకపోతే పక్కింట్లో అడిగి పెట్టించండి, సిగ్గుపడద్దు.

ఇది బాగా గుర్తుపెట్టుకో. మందెక్కించాక వారం పది రోజుల్లో, ఒంట్లోకి వచ్చే రోగాల్ని అడ్డుకునే తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు వచ్చిందంటే, అర్ధరాత్రయినా సరే, బిళ్లేసి పొద్దున చూద్దాం అనుకోవద్దు, ఊళ్లో సూది చేయించి ఊరుకోవద్దు. 108కి ఫోన్ చేసి దగ్గర పెద్ద హాస్పిటల్‌కి వెళ్లి "కీమో నడుస్తోంది, జ్వరం వచ్చింది" అని ముందు ఆ మాటే చెప్పాలి. సిటీలో ఉన్నవాళ్లు అరగంటలో చేరిపోతారు. మీకు రేవు దాటాలి, కాబట్టి రాత్రిపూట పంటు లేకపోతే రాజోలు వైపు రోడ్డెలా ఉంది, ఎవరి కారు దొరుకుతుంది అనేది ముందే అనుకుని పెట్టుకోండి. ఇంట్లో థర్మామీటర్ కొనండి, చేత్తో చూసి చెప్పొద్దు.

మావయ్యగారితో వాదన పెట్టుకోకమ్మా. ఆయనకి భయం, డబ్బులెక్కడ తెస్తామో అని, ఆవిడేమవుతుందో అని, నాటుమందైతే ఇల్లు కదలక్కర్లేదు కదా అని. "రిపోర్ట్ వచ్చేదాకా ఆగుదాం మావయ్యగారూ, మీరు కూడా రండి, డాక్టరు గారిని మీరే అడుగుదురుగాని" అని కూడా తీస్కెళ్లు. కార్డు మీద చేస్తారని ఆరోగ్యమిత్ర నోటితో వింటే ఆయనలో సగం బెంగ తీరిపోద్ది.

ప్రశ్న: బయాప్సీ చేస్తే, సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకిపోద్దని మా ఊళ్లో అందరూ అంటారు. నిజమేనా మేడం? (ముమ్మిడివరం వైపు నుంచి)

జవాబు: కాదమ్మా. పాకేది ఆలస్యం వల్ల. మన దగ్గర ముక్క తీసేటప్పటికే జబ్బు చాలామందికి ముదిరిపోయి ఉంటుంది, తర్వాత కొన్నాళ్లకి మనిషి పోతే ఊళ్లో వాళ్లకి సూది గుచ్చడమే గుర్తుంటుంది, అందుకే ఆ మాట పుట్టింది. ముక్క చూడకుండా ఏ డాక్టరూ కీమో మొదలుపెట్టరు, పెట్టకూడదు.

ప్రశ్న: అక్కా, కొబ్బరి దింపు తీస్తాను, మాది కొత్తపేట దగ్గర. చిన్నప్పట్నుంచి ఖైనీ అలవాటు. బుగ్గ లోపల తెల్లగా మచ్చ వచ్చింది, కూరలో కారం తగిలితే భగ్గుమంటంది. నోరు కూడా ముందులాగా తెరుచుకోట్లేదు, ముద్ద పెద్దగా పట్టట్లేదు. మా అమ్మ చుట్ట తాగేది, ఆవిడకేం కాలేదు. హాస్పిటల్‌కి వెళ్తే కోసేస్తారు, మాట పోద్ది అంటున్నారు. ఒక్క పూట మానేస్తే కూలి పోద్ది. ఏం చెయ్యమంటావు?

జవాబు: తమ్ముడూ, కూలి పోయినా సరే ఒక్క పూట మానెయ్. నువ్వు రాసిన మూడూ, తెల్ల మచ్చ, కారానికి మంట, నోరు తెరుచుకోకపోవడం, మూడూ చూపించుకోవాల్సినవే. అవి క్యాన్సర్ అని నేను అనట్లేదు, చాలాసార్లు క్యాన్సర్‌కి ముందు వచ్చే మార్పులు అవి, ఈ దశలో పట్టుకుంటే పెద్ద ఆపరేషన్ దాకా వెళ్లకుండా ఆపొచ్చు. మాట పోద్ది, దవడ తీసేస్తారు అని నువ్వు విన్నదంతా ఆలస్యంగా వెళ్లినవాళ్ల సంగతి.

నీ మూడు వేళ్లు, చూపుడువేలు నుంచి ఉంగరంవేలు దాకా, ఒకదాని మీద ఒకటి నిలువుగా నోట్లో పెట్టి చూడు. మూడూ పట్టకపోతే నోరు బిగుస్తున్నట్టే. అద్దం ముందు నిలబడి ఫోన్ లైటేసి బుగ్గలు, నాలిక కింద, నాలిక అంచులు చూసుకో. ఎక్కడైనా పుండు మూడు వారాలైనా మానకపోయినా, ఎర్రగా మచ్చ ఉన్నా, గట్టిగా తగిలినా అసలు ఆగొద్దు.

కొత్తపేట గవర్నమెంట్ హాస్పిటల్‌లో గానీ అమలాపురం ఏరియా హాస్పిటల్‌లో గానీ పళ్ల డాక్టరు ఏయే రోజుల్లో ఉంటారో ముందు ఫోన్‌లో కనుక్కుని వెళ్లు, ఊరికే వెళ్లి తిరిగొస్తే నీకు రెండు పూటల కూలి పోద్ది. మీ ఊరికి ఏఎన్ఎం గారు, ఆశా వర్కరు బీపీ, షుగర్ చూడ్డానికి వస్తారు కదా, 30 దాటినవాళ్లకి నోరు చూడడం కూడా వాళ్ల పనిలో ఉంది. ఆడవాళ్లకైతే రొమ్ము, గర్భసంచి ముఖద్వారం పరీక్ష కూడా. వాళ్లు అడక్కపోతే నువ్వే నోరు తెరిచి చూపించు.

అమ్మగారి సంగతి. మన లంక పొగాకు చుట్టలకి ఎంత పేరో అందరికీ తెలుసు, తాగినవాళ్లందరికీ క్యాన్సర్ రాదు, అదీ నిజమే. కానీ వచ్చినవాళ్లు మనకి కనపడరు తమ్ముడూ, వాళ్లు పోయారు కాబట్టి. ఉత్తరాంధ్ర తీరంలో ముసలమ్మలు అడ్డపొగ తాగుతారు చూడు, నిప్పు నోట్లోపలికి పెట్టుకుని, వాళ్లకి అంగిట్లో క్యాన్సర్ రావడం మీద డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. ఖైనీ మానడం కష్టమని నాకు తెలుసు, చెట్టెక్కే ముందు అది లేకపోతే ఒళ్లు కదలదంటారు మీరందరూ. 1800 11 2356 అని గవర్నమెంటు వాళ్ల ఫోన్ నంబరుంది, డబ్బులు పడవు, పొగాకు ఎలా మానాలో చెప్తారు. ఇవాళే చెయ్యి.

ప్రశ్న: నేను నర్సాపురం దగ్గర లేసు అల్లుకునేదాన్నండి. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ అన్నారు. విశాఖలో కరెంటు (రేడియేషన్) పెడుతున్నారు, 25 సార్లు పెట్టాలి, ఆ తర్వాత లోపల పెట్టేది ఉంటుందన్నారు. సగం అయ్యాక ఇంటికొచ్చేశాను. హాస్పిటల్‌లో డబ్బులు తీస్కోలేదండి, కార్డు మీదే. కానీ బయట గది అద్దె, ఇద్దరి తిండి, మా ఆయన పని మానుకుని నా పక్కనే ఉండాల్సొచ్చింది. డ్వాక్రా వాయిదా కట్టలేదు, వడ్డీకి తెచ్చింది అయిపోయింది. ఇప్పుడు రక్తం కూడా ఆగిపోయింది, తేలిగ్గా ఉంది. మిగతాది కొన్నాళ్లాగి పెట్టించుకోవచ్చా?

జవాబు: లేదమ్మా, ఆగకూడదు. ఈ పుస్తకం నీ చేతికొచ్చిన రోజే హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యి, వెంటనే వెళ్లు.

రక్తం ఆగింది కాబట్టి తగ్గిందనిపిస్తుంది. పైకి తగ్గింది, లోపల మిగిలింది మళ్లీ పెరుగుతుంది. ఈ జబ్బుకి బయట నుంచి పెట్టేది, లోపల పెట్టేది రెండూ కలిపి ఎనిమిది వారాల్లోపు అయిపోవాలని లెక్క, మధ్యలో ఖాళీ ఎంత పెరిగితే నయమయ్యే అవకాశం అంత తగ్గుతుంది. నీది నయం చెయ్యడానికి పెడుతున్న వైద్యం తల్లీ. సగంలో ఆపితే కష్టం అంతా పడి ఫలితం వదిలేసుకున్నట్టే. ఎన్ని రోజులు ఖాళీ వచ్చిందో దాచకుండా చెప్పు, తిడతారేమో అని భయపడకు, ఆ రోజుల్ని బట్టి వాళ్లు లెక్క మార్చుకోవాలి.

ఇంక డబ్బుల సంగతి. ఆపరేషన్‌కి, కీమోకి, కరెంటుకి స్కీములో డబ్బులొస్తాయి, కానీ గది అద్దెకి, అన్నానికి, పక్కన కూర్చున్న మనిషి కూలికి ఎవరూ ఇవ్వరు. పల్లెటూరి పేషెంట్లు మధ్యలో వదిలేసి వెళ్లిపోయేది ఎక్కువగా అందుకే. రేడియేషన్ మిషన్ దగ్గర పది పదిహేను నిమిషాల పని, రోజుకోసారి, వారానికి ఐదు రోజులు. విశాఖలోనే గాజువాకలో ఉండేవాళ్లు పెట్టించుకుని మధ్యాహ్నానికి ఇంటికెళ్లి వంట చేస్కుంటారు. నువ్వు ఆ పది నిమిషాల కోసం వారాల తరబడి ఊరు వదిలి ఉండాలి. మిషన్ ఊరూరా పెట్టలేరు, నిజమే, దానికి మందపాటి కాంక్రీటు గది కావాలి, అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి కావాలి, లెక్కలు కట్టే ఫిజిసిస్ట్ కావాలి. మిషన్‌ని మీ ఊరు తేలేనప్పుడు మిమ్మల్ని మిషన్ పక్కన ఉంచే ఏర్పాటైనా ఉండాలి కదా, నేను అడిగేది అదే. కరెంటు పెట్టించుకునే మనిషికి పడుకోడానికి చోటు, రెండు పూటలా అన్నం వైద్యంలో భాగమే.

అప్పటిదాకా ఉన్న దారులు చెప్తా. హాస్పిటల్‌లో మెడికల్ సోషల్ వర్కర్ అని ఉంటారు, డాక్టరు గారి తర్వాత నువ్వు కలవాల్సింది వాళ్లనే. తక్కువ అద్దెకి వసతి గదులు, ధర్మసత్రాలు, అన్నం పెట్టే ట్రస్టులు ఎక్కడెక్కడున్నాయో వాళ్ల దగ్గర లిస్టు ఉంటుంది. "గదికి డబ్బుల్లేక ఇంటికెళ్లిపోయాను" అని ఉన్నదున్నట్టు చెప్పు. రైలుకి క్యాన్సర్ పేషెంట్లకి రాయితీ ఉంది, స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ నీకు టికెట్ చార్జీ ఉండదు, పక్కన వచ్చే మనిషికి నాలుగో వంతు కడితే చాలు. దానికి హాస్పిటల్ వాళ్లు ఒక ఫారం మీద సంతకం, సీలు వేసి ఇవ్వాలి, అది తీస్కెళ్లి స్టేషన్ కౌంటర్‌లో చూపించాలి. బస్సుకీ ఆటోకీ పెట్టిన డబ్బుల్లో చాలా మిగులుతుంది. మీ ఆయన రోజూ ఉండక్కర్లేదు, నువ్వు నడవగలిగితే చెల్లెలో వదినో వారం వారం మారొచ్చు. డ్వాక్రా గ్రూపులో లీడర్‌కి హాస్పిటల్ కాగితాలు చూపించి వాయిదాకి గడువడుగు, గ్రూపులో ఆడవాళ్లే కదా, కాదంటారని నేననుకోను. ఇంకా ఖర్చులుంటే ఎమ్మెల్యే గారి ఆఫీసులో ముఖ్యమంత్రి సహాయ నిధికి అప్లికేషన్ పెట్టించు, బిల్లులన్నీ దాచుకో.

ప్రశ్న: అనపర్తి వైపు బలభద్రపురంలో క్యాన్సర్లు ఎక్కువున్నాయని టీవీల్లో వచ్చింది కదా. మా వీధిలో కూడా నలుగురికి వచ్చింది. నీళ్ల వల్లా? రొయ్యల చెరువుల వల్లా? ఊరొదిలి వెళ్లిపోవాలా?

జవాబు: ఊరొదలొద్దు. 2025 మార్చిలో బలభద్రపురం సంగతి అసెంబ్లీ దాకా వెళ్లింది, వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగాయి. మీ వీధిలో నలుగురికి ఏ భాగంలో వచ్చింది, ఏ వయసులో వచ్చింది అనేది చూడాలి. ఒకరికి రొమ్ము, ఒకరికి నోరు, ఒకరికి కడుపు, ఇలా వేర్వేరుగా, పెద్ద వయసువాళ్లకి వచ్చి ఉంటే ఒకే కారణం అని చెప్పలేం. ఒకే రకం, చిన్న వయసులో, దగ్గర దగ్గర ఇళ్లల్లో వస్తే అప్పుడు గట్టిగా అడగాలి. ఆ నలుగురి వివరాలు కాగితం మీద రాసి పీహెచ్‌సీ డాక్టరు గారికి ఇవ్వండి, నీళ్లు పరీక్ష చేయించమని పంచాయతీలో అర్జీ పెట్టండి. 2022 లెక్కల అంచనా ప్రకారం మన దేశంలో ఏడాదికి 14 లక్షల మందికి పైగా కొత్తగా క్యాన్సర్ వస్తోంది, అంత పెద్ద సంఖ్యలో ప్రతి ఊరికీ కొందరు ఉంటారు. నన్ను బాధపెట్టేది ఏంటంటే ఒక ఊళ్లో అందరికీ స్క్రీనింగ్, అంటే జబ్బు బయటపడకముందే చేసే పరీక్ష, జరగడానికి టీవీల్లో రావాల్సొచ్చింది. అది ప్రతి ఊళ్లో మామూలుగా జరగాల్సిన పని.

ప్రశ్న: మా నాన్నగారికి లివర్‌కి పాకేసింది, ఇంక ఇంటికి తీస్కెళ్లిపొమ్మన్నారు. రాజోలు తీసుకొచ్చేశాం. రాత్రిళ్లు నొప్పితో అరుస్తున్నారు, మేం వినలేకపోతున్నాం. ఇక్కడ డాక్టర్లు మామూలు నొప్పి బిళ్లలే ఇస్తున్నారు. ఏమైనా చెయ్యొచ్చా?

జవాబు: చెయ్యొచ్చు బాబూ. జబ్బు నయం చెయ్యలేకపోవచ్చు గానీ నొప్పి తగ్గించొచ్చు. మార్ఫిన్ బిళ్లలని ఉంటాయి, ఖరీదు కూడా కాదు. మత్తుమందుల చట్టం వల్ల ఒకప్పుడు దాన్ని ఉంచడానికి హాస్పిటళ్లే భయపడేవి, 2014లో చట్టం సడలించారు, ఇప్పుడు గుర్తింపు ఉన్న హాస్పిటళ్లు ఉంచుకోవచ్చు, ఇవ్వొచ్చు. అయినా అన్నీ ఉంచట్లేదు, పల్లెటూరి మెడికల్ షాపులో అసలు దొరకదు. సిటీలో ప్యాలియేటివ్ కేర్, అంటే నయం కాని జబ్బులో నొప్పి, బాధ తగ్గించే వైద్యం, ఆ విభాగాలున్న చోటుకి దగ్గరగా ఉన్నవాళ్లకి అందుతోంది, రాజోల్లో మంచం మీద ఉన్న మీ నాన్నగారికి అందట్లేదు. తేడాలన్నిట్లోకీ ఇదే నాకు ఎక్కువ కోపం తెప్పించేది.

ఆయనకి ఎక్కడ వైద్యం చేశారో అక్కడికే ఫోన్ చేసి "ప్యాలియేటివ్ కేర్ ఓపీ ఏ రోజు, మార్ఫిన్ ఇస్తారా, పేషెంట్‌ని తేలేం, కేసు షీటుతో మేమొస్తే ఇస్తారా" అని ఈ మూడూ అడగండి. వాళ్లు లేదంటే హోమీ భాభా వాళ్లని అడగండి. బిళ్ల మొదలుపెట్టాక సాధారణంగా నాలుగేసి గంటలకోసారి టైముకి వెయ్యాలి, నొప్పి వచ్చేదాకా ఆగి వెయ్యడం కాదు. డాక్టరు రాసిన డోసు మీరు పెంచొద్దు, చాలకపోతే ఫోన్ చేసి చెప్పండి. మలబద్ధకం తప్పకుండా వస్తుంది, విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయించుకోండి. అలవాటు పడిపోతారేమో అని మీ అన్నదమ్ములెవరైనా అంటే, నొప్పి కోసం డాక్టరు లెక్క ప్రకారం వేసేదానికి ఆ భయం పెట్టుకోవద్దని నా మాటగా చెప్పండి. రాత్రి ఆయన నిద్రపోతే మీ అమ్మగారు కూడా నిద్రపోతారు.

ప్రశ్న: మేడం గారూ, నేను పంచాయతీ వార్డు మెంబర్ని, పి.గన్నవరం మండలం. మా లంకలో ఇద్దరు ముగ్గురు పేషెంట్లున్నారు. ఊరి తరఫున మేమేం చెయ్యగలం?

జవాబు: అడిగినందుకు చాలా సంతోషం అండి. ముందు బండి. రాత్రి ఫోన్ చేస్తే వచ్చే కారు లేదా ఆటో ఎవరిదో, కాజ్‌వే (గోదారి పాయ మీద పల్లపు దారి) మునిగినప్పుడు పడవ ఎవరిదో, ఆ నంబర్లు పేషెంట్ల ఇళ్లల్లో గోడ మీద రాయించండి. వరద హెచ్చరిక రాగానే కీమో నడుస్తున్నవాళ్లని ముందే దాటించి గట్టున చుట్టాలింట్లో ఉంచండి, గర్భిణుల్ని ముందే తరలిస్తారు కదా, ఆ లిస్టులో వీళ్ల పేర్లు కూడా ఎక్కించమని తహసీల్దారు గారికి రాసివ్వండి. ఊళ్లో చదువుకున్న కుర్రాడో అమ్మాయో ఒకరికి ఫైళ్ల పని అప్పజెప్పండి, కార్డు, ఫారాలు, 104 ఫోన్లు, వీళ్లు చూస్తే ఇంట్లో వాళ్లకి చాలా తేలిక.

తర్వాత డేకేర్. 2025 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డేకేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని చెప్పారు. పొద్దున్నెళ్లి మందెక్కించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేవి అన్నమాట. కోనసీమ 2022లోనే జిల్లా అయింది, మన జిల్లాకి ఎప్పుడు, ఎక్కడ అని మీ ఎమ్మెల్యే గారినీ ఎంపీ గారినీ పంచాయతీ తీర్మానం చేసి మరీ అడగండి. పెద్ద హాస్పిటల్ డాక్టరు ఏ మందో రాసిస్తే శిక్షణ ఉన్న నర్సులు అమలాపురంలోనే ఎక్కించగలిగితే మీ ఊళ్లో ఆ ముగ్గురికి ప్రతి మూడు వారాలకీ విశాఖ ప్రయాణం తప్పుతుంది.

ఇంక స్క్రీనింగ్. మీ పీహెచ్‌సీ డాక్టరు గారితో మాట్లాడి ఊళ్లోనే ఒక రోజు పెట్టించండి, స్కూల్లో గదికి పరదా కట్టి, చూసేది ఆడమనిషే అని ముందురోజు దండోరా వేయించండి, లేకపోతే ఆడవాళ్లు రారు. నాట్లప్పుడు, కోతలప్పుడు పెట్టొద్దు, పెట్టినా పొద్దున పదింటికి పెడితే అందరూ చేలోనే ఉంటారు. సాయంత్రం నాలుగు తర్వాత పెట్టమనండి.